ఇంటిపేరు లేని మాక్రోలు

ఈమాక్స్ ఎడిటర్‌లో ‘విత్-టెంప్-ఫైల్’ అనే మాక్రో ఒకటుంది. పేరు వింటే ఏమనిపిస్తుంది? తాత్కాలికంగా ఓ ఫైలు సృష్టించి, పనైపోగానే తుడిచేస్తుందనిపిస్తుంది. అది చేసేది దాదాపు దీనికి తిరగేసిన పని. మనం చెప్పిన చోట, చెప్పిన పేరుతో ఫైలు రాసి అక్కడే వదిలేస్తుంది. ఆ పేరుతో ముందే ఫైలుంటే అందులో పాతదంతా పోతుంది. తాత్కాలికమైనది ఫైలు కాదు, రాయవలసినదాన్ని కూర్చుకునే బఫరు. చివరికి మాయమయ్యేది అదొక్కటే. ‘టెంప్’ అన్న విశేషణం ఎవరిదో పేరులో తేలలేదు. వ్యాసంలో విశేషణం తప్పు చోట పడితే పాఠకుడు నవ్వుకుని ముందుకు పోతాడు. టెస్టులో పడితే నెలలుగా సర్దుకున్న సెట్టింగుల ఫైలు పోతుంది.

టెస్టింగ్ లైబ్రరీల్లో ఇలాంటి సహాయక మాక్రోలు బోలెడు. విలువలు పోల్చేవి, టెస్టును నమోదు చేసేవి, టెస్టుకు ముందు అరేంజ్‌మెంట్లు చేసి తర్వాత శుభ్రం చేసేవి. ఒక్కొక్కటీ పది లైన్లుండదు. కానీ ఏ ప్రాజెక్టులోనైనా అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసే మాటలు ఇవే. పైగా ఒకసారి పేరు పెట్టాక మార్చడం దాదాపు కుదరదు. వాటికి పేరెలా పెట్టాలి, ఆ పేరు ఎంత దూరం వినపడాలి అన్న ప్రశ్నకు వేర్వేరు భాషలూ లైబ్రరీలూ ఇచ్చిన జవాబులను ఒకచోట పెట్టి చూడాలని చాలాకాలంగా ఉంది.

ముందొక మాట. మాక్రోల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్లు మాక్రో పేర్లను పెద్దబడి అక్షరాల్లో రాస్తారు, ఇది ఫంక్షన్ కాదు జాగ్రత్త అని చెప్పడానికి. మన లిపిలో పెద్దబడి లేదు కాబట్టి ఆ కేక ఈ వ్యాసంలో వినపడదు. సీ, సీ ప్లస్ ప్లస్ మాక్రోల్లో మధ్యలో అడ్డగీత కనిపించిన పేర్లు అసలు కోడ్‌లో కేకలేననుకోండి.

ఇంట్లో బుజ్జి అంటే చాలు. వీధిలో ఇద్దరు బుజ్జిలుంటే ఫలానా వాళ్ల బుజ్జి అంటాం. బడి రిజిస్టరులోకి వచ్చేసరికి అసలు పేరు, దాని ముందు ఇంటిపేరు వచ్చి చేరతాయి. పేరు ఎంత దూరం తిరగాలో అంత పొడుగవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటున్నవాళ్లం కాబట్టి, లైబ్రరీ పేరును ముందు తగిలించుకున్న ‘బూస్ట్_చెక్’, ‘సీపీపీయూనిట్_అసర్ట్’ లాంటి పేర్లు మనకు కొత్తగా అనిపించనక్కర్లేదు. మాక్రో పేరు దాని వ్యాప్తికి తగ్గ పొడవుండాలి, పిలిచే చోట కంటికి కనపడని ప్రభావమేదైనా ఉంటే దాన్ని ఆ పేరే చెప్పాలి అన్నది నా పక్షం. లైబ్రరీలు మొదటి పని అరకొరగా చేశాయి. రెండోది అంతకన్నా తక్కువ.

అసలు మాక్రో ఎందుకు

ఫంక్షన్ చాలదా అన్నది సబబైన ప్రశ్నే. ‘మొత్తం 42కు సమానమా’ అని ఒక ఫంక్షన్‌ను అడిగితే దానికి చేరేది అవునో కాదో మాత్రమే. ఏం పోల్చామన్న పాఠం దారిలోనే పోతుంది. మాక్రోకు మాత్రం మనం రాసిన మాటలు రాసినట్టే దొరుకుతాయి. అందుకే టెస్టు ఫెయిలయినప్పుడు ఆ సమీకరణాన్నే తెర మీద చూపగలదు. ఏ ఫైలులో, ఎన్నో లైనులో పిలిచామో కూడా దానికి తెలుసు. పిలిచిన ఫంక్షన్‌నే మధ్యలో ఆపి వెనక్కి పంపేయగలదు. కొత్త క్లాసునో ఫంక్షన్‌నో పుట్టించి టెస్టుల జాబితాలో చేర్చగలదు.

ఫంక్షన్ తన ఇంట్లో వండి క్యారేజీ పంపించే మనిషి. మాక్రో మన వంటింట్లోకే వచ్చి వండే మనిషి. మన పొయ్యి, మన గిన్నెలు వాడుతుంది. ఉపయోగమంతా అందులోనే ఉంది, గొడవంతా కూడా. మిన్‌యూనిట్ అని సీ భాషలో మూడు లైన్లకు మించని టెస్టింగ్ ‘లైబ్రరీ’ ఉంది. మాక్రోలు రెండే. టెస్టును నడిపే మాక్రో లోపల ‘మెసేజ్’ అనే చరరాశిని ప్రకటించి, మనమిచ్చిన ఫంక్షన్‌ను పిలిచి ఫలితాన్ని అందులో పెడుతుంది. మన టెస్టు ఫంక్షన్ పేరే ‘మెసేజ్’ అయితే? సీ నియమాల ప్రకారం ప్రకటనలో పేరు పూర్తయిన క్షణం నుంచే ఆ పేరు కొత్త చరరాశిది. మాక్రో మన ఫంక్షన్‌ను వెతుక్కుంటూ వెళ్లి తన గిన్నెనే పట్టుకుంటుంది, కంపైలర్ అర్థంకాని ఎర్రర్ ఇస్తుంది. మూడు లైన్లలోనే ఇంత ఉంది.

వాకిలి లేని ఇల్లు

సీ ప్రీప్రాసెసర్‌కు ఇల్లూ వాకిలీ తెలియవు. సీ ప్లస్ ప్లస్‌లో నేమ్‌స్పేస్‌లుంటాయి, క్లాసులుంటాయి, కానీ మాక్రో వీటిలో దేన్నీ లెక్కచేయదు. హెడర్ ఫైలును చేర్చిన లైను నుంచి ఆ ఫైలు చివరిదాకా ఆ పేరు దానిదే. తర్వాత చేర్చిన హెడర్లలో కూడా.

‘చెక్’ అన్న పేరు తీసుకోండి. గూగుల్ వారి లాగింగ్ లైబ్రరీ గ్లాగ్‌లో ‘చెక్’ అంటే షరతు తప్పితే ప్రోగ్రామును అక్కడికక్కడే చంపేయమని. క్యాచ్ అనే టెస్టింగ్ లైబ్రరీలో ‘చెక్’ అంటే షరతు తప్పినా తప్పు రాసుకుని ముందుకు సాగమని. ఒకే పేరు, రెండు ఎదురెదురు అర్థాలు. రెండు హెడర్లూ ఒకే ఫైలులో పడితే చివర వచ్చినదే నిలుస్తుంది. కంపైలర్ ఓ వార్నింగ్ ఇస్తుంది, అదీ ఆ హెడర్లను సిస్టమ్ హెడర్లుగా ప్రకటించకపోతేనే. ప్రకటిస్తే చప్పుడే ఉండదు. వరస తప్పిన ఒక్క ఇంక్లూడ్ లైనుతో, ఒక తప్పు చూపి తక్కిన టెస్టులు నడపవలసిన ప్రోగ్రాము మొత్తంగా కూలిపోతుంది.

టెస్టింగ్ లైబ్రరీలు వేరేవాళ్ల దెబ్బ కూడా తిన్నాయి. లైనక్స్ కిటికీల వెనకుండే ఎక్స్ 11 హెడర్లలో ‘నన్’ అంటే సున్న, ‘బూల్’ అంటే ఇంట్. రెండూ మాక్రోలే. గూగుల్ టెస్ట్ లోపల ‘నన్’ అనే స్ట్రక్టూ, ‘బూల్’ అనే ఫంక్షనూ ఉన్నాయి. ఎక్స్ హెడర్ ముందు చేర్చామా, గూగుల్ టెస్ట్ హెడరే కంపైల్ కాదు. విండోస్ హెడర్లు ‘మిన్’, ‘మ్యాక్స్’ అనే మాక్రోలతో చేసిన అల్లరి తెలియని సీ ప్లస్ ప్లస్ మనిషి ఉండడు. పెద్దబడిలో కూడా రాయలేదు వాటిని.

ఈ పరిస్థితికి ఒక్కో లైబ్రరీ ఒక్కోలా సర్దుకుంది. జావా టెస్టింగ్ లైబ్రరీ జేయూనిట్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి తెచ్చిన సీపీపీయూనిట్, తర్వాత బూస్ట్ టెస్ట్, ప్రతి మాక్రోకూ ఇంటిపేరు తగిలించాయి. సీపీపీయూనిట్‌లో పొట్టి పేర్లు కావాలంటే ఓ మీట ఉంది, దాని పేరులోనే ‘నేకెడ్’ అన్న మాట ఉంది. ఇంటిపేరు లేకుండా తిరగడాన్ని బట్టల్లేకుండా తిరగడంగా చూశారన్నమాట. రాసినవాళ్ల చమత్కారానికి నా నమస్కారం.

2008లో బయటికొచ్చిన గూగుల్ టెస్ట్ ఎదురు దారి పట్టింది. ‘టెస్ట్’, ‘అసర్ట్_ఈక్యూ’, ‘ఎక్స్‌పెక్ట్_ఈక్యూ’, ‘ఫెయిల్’ అన్నీ పొట్టి పేర్లే. గొడవ వచ్చినప్పుడు ఒక్కో పేరునూ విడిగా ఆపుకునే మీటలిచ్చింది. కుటుంబమంతా ఊరి మీద పడ్డాక ఒక్కొక్కరినీ పేరు పెట్టి వెనక్కి పిలిచే పద్ధతి ఇది. తర్వాత కాలంలో టెస్టును దాటేయడానికి వచ్చిన మాక్రోకు మాత్రం ‘జీటెస్ట్_స్కిప్’ అనే ఇంటిపేరుతోనే నామకరణం చేశారు. పాఠం నేర్చుకున్నారనే అనుకోవాలి. ఫలితంగా ఒకే ఇంట్లో పెద్దపిల్లలకు ఇంటిపేరు లేదు, కడసారం పిల్లకు ఉంది. కొత్తగా చేరినవాడికి ఏది ఏ బాపతో కంఠతా పట్టడం తప్ప దారి లేదు.

ఫిల్ నాష్ 2010లో తెచ్చిన క్యాచ్ కూడా పొట్టి పేర్లనే ఎంచుకుంది. కావాలంటే ఒకే మీటతో అన్నిటికీ ‘క్యాచ్_’ అన్న ఇంటిపేరు తగులుతుంది. విక్టర్ కిరిలోవ్ 2016లో తెచ్చిన డాక్టెస్ట్ దీన్ని తిరగేసింది. అక్కడ పొడుగు పేరే అసలు పేరు, ఎప్పుడూ ఉంటుంది. పొట్టి పేరు దానికి ముద్దుపేరు, వద్దంటే తీసేయవచ్చు. వినడానికి రెండూ ఒకటే అనిపించినా తేడా ఉంది. డాక్టెస్ట్ ఉద్దేశం టెస్టులను అసలు కోడ్ పక్కనే, అదే ఫైలులో రాసుకోనివ్వడం. అంటే దాని హెడర్ టెస్టుల గది దాటి ఇల్లంతా తిరుగుతుంది. వ్యాప్తి పెరిగింది కాబట్టి పేరు విషయంలో జాగ్రత్త పెరిగింది. నా లెక్కలో ఈ ప్రశ్నను సరైన క్రమంలో ఆలోచించింది డాక్టెస్ట్ ఒక్కటే. ముందు హెడర్ ఎక్కడెక్కడికి పోతుందో చూసుకుని, పేరు సంగతి తర్వాత తేల్చింది.

ఇంటిపేరుకూ ఖరీదుంది. వంద పోలికలున్న ఫైలులో వందసార్లు ‘సీపీపీయూనిట్_’ చదివిన కన్ను దాన్ని దాటేయడం నేర్చుకుంటుంది. దాటేయడం అలవాటయ్యాక దాని వెనకున్నది ‘అసర్ట్’ అయినా ‘అసర్ట్_త్రో’ అయినా కన్ను ఒకే గుంజలా చూస్తుంది. ఇంటిపేరు గుద్దుకోవడాన్ని ఆపుతుంది, చదవడాన్ని బాగు చెయ్యదు. ఎప్పుడూ ఇంటిపేరే పెట్టండి అని ఖండితంగా చెప్పేవాళ్లు ఎక్కువ టెస్టులు చదివినట్టు నాకు అనిపించదు.

ఒక సరదా సంగతి. సీ భాష ప్రమాణం ‘ఈ’ అక్షరం, దాని వెంట అంకెగానీ పెద్దబడి అక్షరంగానీ వచ్చే మాక్రో పేర్లను ఎర్రర్ నంబర్ల హెడర్‌కు భవిష్యత్ అవసరాల కోసం అట్టిపెట్టింది. ఆ ప్రకారం ‘ఎక్స్‌పెక్ట్_ఈక్యూ’ పరుల పొలంలో కట్టిన ఇల్లు. యజమాని ఇంకా ఖాళీ చేయమనలేదు.

లైనక్స్ కెర్నల్‌లో ఈ రెండు పద్ధతులూ ఒకే చెట్టు కింద కనిపిస్తాయి. యూజర్ వైపు నుంచి కెర్నల్‌ను పరీక్షించే సెల్ఫ్‌టెస్టుల హెడర్‌లో ‘టెస్ట్’, ‘ఫిక్స్చర్’, ‘ఎక్స్‌పెక్ట్_ఈక్యూ’ అన్న పొట్టి పేర్లే ఉన్నాయి. 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌తో చేరిన కేయూనిట్, కెర్నల్ లోపలే నడిచే టెస్టుల కోసం. అక్కడ ప్రతిదీ ‘కేయూనిట్_ఎక్స్‌పెక్ట్_ఈక్యూ’ తరహాలో పొడుగ్గా ఉంటుంది. ఇది పొంతన లేకపోవడం కాదు. సెల్ఫ్‌టెస్టు ఒక చిన్న ప్రోగ్రాము, దాని ప్రపంచం ఒక ఫైలు. కేయూనిట్ టెస్టు వేల హెడర్ల అడవిలో కంపైలవుతుంది. ఇంట్లో బుజ్జి, రిజిస్టరులో ఇంటిపేరు.

సీ ప్లస్ ప్లస్ 20లో మాడ్యూళ్లొచ్చాయి, ఇక ఈ గోల తీరుతుందని కొందరు ఆశపడ్డారు. పేరున్న మాడ్యూల్ మాక్రోలను బయటికి ఇవ్వనే ఇవ్వదు. మంచిదే, కానీ టెస్టింగ్ లైబ్రరీ సరుకంతా మాక్రోలే అయినప్పుడు దాన్ని మాడ్యూల్‌గా తెచ్చుకుంటే సంచీ ఖాళీగా వస్తుంది. హెడర్ చేర్చక తప్పదు.

ఆగుతుందా, సాగుతుందా

పేరు పొడవు కన్నా నన్ను ఎక్కువ పీడించిన సంగతి అది ఏం చెప్పాలన్నది. పోలిక తప్పినప్పుడు టెస్టు అక్కడే ఆగాలా, తప్పు రాసుకుని సాగాలా? గూగుల్ టెస్ట్‌లో ‘అసర్ట్’ ఆగుతుంది, ‘ఎక్స్‌పెక్ట్’ సాగుతుంది. క్యాచ్‌లో ‘రిక్వైర్’ ఆగుతుంది, ‘చెక్’ సాగుతుంది. బూస్ట్‌లో మూడు మెట్లున్నాయి: ‘వార్న్’ హెచ్చరిస్తుంది, ‘చెక్’ తప్పు రాస్తుంది, ‘రిక్వైర్’ ఆపేస్తుంది. మెట్లు ఎక్కుతున్నకొద్దీ మాట బరువెక్కుతుంది కాబట్టి బూస్ట్ పేర్లే నాకు నచ్చుతాయి. ‘అసర్ట్’, ‘ఎక్స్‌పెక్ట్’ జంటలో ఏది ఆగుతుందో మాటను బట్టి ఊహించలేం. గుర్తుపెట్టుకోవాలి.

గుర్తుపెట్టుకున్నవాడికి కూడా ఇంకో గుంట తవ్వి ఉంది. గూగుల్ కోడ్‌లో ఎక్సెప్షన్లు వాడకూడదన్న నియమం ఉంది కాబట్టి, వాళ్ల ‘అసర్ట్’ ఆగడమంటే తనున్న ఫంక్షన్ నుంచి రిటర్న్ కావడమే. టెస్టు లోపలే ఉంటే టెస్టు ఆగుతుంది. సహాయక ఫంక్షన్‌లో ఉంటే ఆ సహాయకుడు ఒక్కడే ఆగుతాడు. టెస్టు ఏమీ జరగనట్టు తర్వాతి లైనుకు పోతుంది. ఫలితం తిరిగిచ్చే ఫంక్షన్లలోనూ కన్‌స్ట్రక్టర్లలోనూ రాస్తే కంపైలే కాదు.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇది నాకు తగిలిన తీరు చెప్తాను. నేను పనిచేసిన ఒకచోట, డేటాబేస్ తెరిచి పాయింటర్‌ను నింపిపెట్టే సహాయక ఫంక్షన్ ఒకటి రాశాను. లోపల బుద్ధిగా ‘అసర్ట్’ పెట్టాను. రాత్రి బిల్డులో డేటాబేస్ తెరుచుకోలేదు. సహాయకుడు రిటర్నయ్యాడు, టెస్టు ఖాళీ పాయింటర్‌ను పట్టుకుని ముందుకెళ్లి కూలింది. దాంతో తక్కిన టెస్టుల ఫలితాలన్నీ గల్లంతయ్యాయి. పొద్దున పక్క సీటు సుబ్బలక్ష్మిగారు లాగ్ చూసి, “మీ అసర్ట్ ఆగింది సార్, మీరే ఆగలేదు” అన్నారు. ఇప్పటికీ అంతకన్నా క్లుప్తంగా ఎవరూ ఈ సమస్యను చెప్పగా వినలేదు.

దీనికి విరుగుడుగా గూగుల్ టెస్ట్‌లో ‘అసర్ట్_నో_ఫేటల్_ఫెయిల్యూర్’ అనే చుట్టు మాక్రో ఉంది. సహాయకుడిని పిలిచిన ప్రతిచోటా దాన్ని చుట్టాలి. మరిచిపోతే చెప్పే నాథుడు లేడు. ఏ పిలుపులో తప్పు జరిగిందో తెలియడానికి ‘స్కోప్డ్_ట్రేస్’ అని ఇంకోటి ఉంది. రాసిన బ్లాకు ముగిసేదాకా జరిగిన ప్రతి తప్పు పక్కనా మన మాట అతికిస్తుంది. తన ప్రభావం ఎక్కడిదాకా అన్నది పేరులోనే చెప్పుకున్న అరుదైన మాక్రో ఇది. క్యాచ్, బూస్ట్ ఎక్సెప్షన్ విసురుతాయి కాబట్టి సహాయకుడిని దాటి టెస్టు మొత్తం ఆగుతుంది. కాకపోతే పరీక్షకు గురయ్యే కోడే మధ్యలో ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని మింగేసే ప్రమాదం ఉంది. చిన్న పరికరాల కోసం సీలో రాసిన యూనిటీ, లాంగ్‌జంప్‌తో ఒక్క ఉదుటున టెస్టు బయటికి దూకుతుంది. నాలుగు లైబ్రరీలకు మూడు రకాల ఆగడాలు. పేరులో ఒక్కదానికీ ఆ ఆనవాలు లేదు.

మాట మార్చితే ఎంత ఖర్చో కూడా గూగుల్ టెస్టే చూపించింది. సంబంధమున్న టెస్టుల గుంపును వాళ్లు మొదటి నుంచీ ‘టెస్ట్ కేస్’ అన్నారు. టెస్టింగ్ రంగంలో తక్కినవాళ్లందరికీ టెస్ట్ కేస్ అంటే ఒక్క టెస్టు, గుంపును ‘సూట్’ అంటారు. 2019లో వచ్చిన 1.10 వెర్షన్‌తో ‘టెస్ట్_కేస్’ అన్న ముక్క ఉన్న మాక్రోలన్నీ ‘టెస్ట్_సూట్’ అయ్యాయి. పాత పేర్లు కూడా పక్కనే బతికున్నాయి. ఇప్పుడు ఏ పెద్ద ప్రాజెక్టు తెరిచినా రెండు పేర్లూ కనిపిస్తాయి, రోడ్డు పేరు మారినా పాత పేరుతోనే ఆటో మాట్లాడుకున్నట్టు.

అడ్డగీత కథ ఇంకా విచిత్రం. ‘టెస్ట్’ మాక్రో మనమిచ్చిన గుంపు పేరునూ టెస్టు పేరునూ మధ్యలో అడ్డగీతతో అతికించి ఒక క్లాసు పుట్టిస్తుంది. ఒక గుంపు పేరు ‘టైమ్’, టెస్టు ‘ఫ్లైస్_లైక్_యాన్_యారో’ అనుకోండి. ఇంకో గుంపు ‘టైమ్_ఫ్లైస్’, టెస్టు ‘లైక్_యాన్_యారో’. అతికాక రెండూ ఒకే పేరు. విరుపు మారితే అర్థం మారే పద్యాలు మనకు కొత్త కాదు గానీ, కంపైలర్‌కు శ్లేష రుచించదు. అందుకే పేర్లలో అడ్డగీత వాడొద్దని వాళ్ల సూచనల్లోనే ఉంది. క్యాచ్ ఈ సమస్యను మొదలుకే కోసేసింది. టెస్టు పేరు మామూలు వాక్యం, కొటేషన్లలో రాస్తాం. లోపలి ఫంక్షన్‌కు పేరు లైను నంబరుతోనో లెక్కింపుతోనో యంత్రమే పెట్టుకుంటుంది. మనిషి చదివే పేరూ యంత్రం వాడే పేరూ విడిపోవడం ఈ మొత్తం చరిత్రలో ఒక మంచి మలుపు.

లిస్ప్ వాళ్ల వంటిల్లు

మళ్లీ ఈమాక్స్‌కు వస్తాను. ఈమాక్స్ లిస్ప్‌లో నేమ్‌స్పేస్‌లు లేవు. అందుకని ప్రతి ప్యాకేజీ తన పేర్లన్నిటి ముందూ ఇంటిపేరు పెట్టుకోవాలన్నది ఊరి కట్టుబాటు. క్రిస్టియన్ ఓలర్ రాసిన టెస్టింగ్ లైబ్రరీ ఎర్ట్, 2012లో ఈమాక్స్ 24.1తో చేరింది. ‘ఎర్ట్-డెఫ్‌టెస్ట్’ కట్టుబాటు పాటించింది. టెస్టు లోపల రాసే ‘షుడ్’, ‘షుడ్-నాట్’, ‘షుడ్-ఎర్రర్’ పాటించలేదు. ఇంగ్లీషులో అంత మామూలు మాటను ఊరంతటికీ ఒక్కరే తీసేసుకోవడం న్యాయమా అంటే, టెస్టు చదివేటప్పుడు న్యాయంగానే అనిపిస్తుంది.

నన్ను ఆకట్టుకున్నది ‘స్కిప్-అన్‌లెస్’. షరతు నెరవేరకపోతే టెస్టును దాటేసే ఈ మాక్రో ఊరికంతటికీ తెలిసిన పేరు కాదు. ‘ఎర్ట్-డెఫ్‌టెస్ట్’ విస్తరించినప్పుడు టెస్టు ఒంటి చుట్టూ స్థానిక మాక్రోగా దీన్ని కట్టిపెడుతుంది. టెస్టు గడప దాటితే ఆ పేరు లేదు. పొట్టి పేరు, పొట్టి వ్యాప్తి. సీ వాళ్లకు కలలో కూడా దొరకని సౌకర్యం. ఇబ్బంది లేకపోలేదు: మన సహాయక ఫంక్షన్‌లో దాన్ని వాడలేం, ‘ఎర్ట్-స్కిప్’ అనే ఇంటిపేరున్న ఫంక్షన్‌ను పిలవాలి. బయటికొస్తే పేరు పొడుగవడం ఇక్కడ భాషే అమలు చేస్తోంది.

టెస్టుల పేర్ల విషయంలోనూ ఎర్ట్ తెలివిగా నడిచింది. టెస్టును ఫంక్షన్‌గా కాక సింబల్ మీద విడి గుణంగా దాచుకుంటుంది కాబట్టి టెస్టుకూ అది పరీక్షించే ఫంక్షన్‌కూ ఒకే పేరు ఉండవచ్చు. అయితే రెండు టెస్టులకు పొరపాటున ఒకే పేరు పెడితే రెండోది మొదటిదాన్ని చప్పుడు చేయకుండా మింగేసేది. ఇటీవలి వెర్షన్లలో బ్యాచ్ పద్ధతిలో నడిపినప్పుడు ఎర్రర్ వస్తుంది.

ఇక తాత్కాలిక ఫైళ్లు. టెస్టులో తాత్కాలిక ఫైలు చేసుకుని, టెస్టు ఫెయిలైనా సరే చివర్న చెరిపేయడానికి నాలుగైదు లైన్ల పాట ఉంది. ఫైలు చెయ్యి, ‘అన్‌వైండ్-ప్రొటెక్ట్’ చుట్టు, పని చెయ్యి, చెరిపెయ్యి. టెస్టు ఫైలు తర్వాత టెస్టు ఫైలులో అదే పాట పాడారు. చివరికి 2023లో విడుదలైన ఈమాక్స్ 29లో ‘ఎర్ట్-విత్-టెంప్-ఫైల్’, దానికి తోడు డైరెక్టరీ కోసం మరొకటీ వచ్చాయి. పేరు మనమిస్తే దారి అదిస్తుంది, ముందే పాఠం నింపిపెట్టమన్నా పెడుతుంది, బయటికొచ్చేటప్పుడు చెరిపేస్తుంది. ‘టెంప్’ ఈసారి నిజంగా ఫైలుదే.

ఇంటిపేరు ఇక్కడ రెండు పనులు చేసింది. గుద్దుకోవడాన్ని తప్పించింది. అంతకన్నా ముఖ్యంగా, అచ్చం అదే పేరున్న పాత మాక్రోకు ఎదురు అర్థం చెప్పగలిగింది. లిస్ప్ కుటుంబంలో ‘విత్-’ అంటే ఏదో ఏర్పాటు చేసి, చివర్న దాన్ని సర్దేస్తానన్న మాట. కామన్ లిస్ప్‌లో ‘విత్-ఓపెన్-ఫైల్’ తెరిచినదాన్నే మూస్తుంది. పాత ‘విత్-టెంప్-ఫైల్’ ఆ మాట ఇచ్చి తప్పింది. ఎన్నో ప్యాకేజీలు వాడుతున్నాయి కాబట్టి పాతదాని పేరు మార్చలేరు. అయినా ఒకే పేరుకు ఇంటిపేరు తగిలించి వేరే అర్థమివ్వడం నాకు పూర్తిగా మింగుడుపడదు. అన్నదమ్ముల పిల్లలకు తాత పేరే పెట్టినట్టు, పిలిచినప్పుడల్లా ఎవర్ని అని అడగాల్సి వస్తుంది.

క్లోజర్‌లో నేమ్‌స్పేస్‌లున్నాయి కాబట్టి ‘ఈజ్’, ‘ఆర్’, ‘టెస్టింగ్’ అన్న పొట్టి పేర్లతో నిశ్చింతగా బతుకుతారు. ఒకే పోలికను పట్టికలా పలు విలువల మీద నడిపే ‘ఆర్’ మాత్రం పేరు చెప్పని పని ఒకటి చేస్తుంది. మనమిచ్చిన గుర్తులను కోడ్‌లో ఎక్కడ కనిపిస్తే అక్కడ విలువలతో మార్చేస్తుంది. దాంతో ఫెయిలైనప్పుడు లైను నంబరు నమ్మదగ్గది కాదు. ఆ సంగతి దాని వివరణలోనే ఒప్పుకున్నారు. వివరణ చదివేవాళ్లెందరు?

గిన్నెలు కలవకుండా

మాక్రో గిన్నెలు మన గిన్నెలతో కలవకుండా చూడడాన్ని హైజీన్ అంటారు. 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా రాసిన పరిశోధన పత్రంతో ఆ మాట స్థిరపడింది. స్కీమ్‌లో వేళ్లూనుకుని ఎలిక్సిర్, జూలియా, రస్ట్‌లకు వేర్వేరు మోతాదుల్లో చేరింది. జూలియాలో ‘@’ గుర్తు, రస్ట్‌లో ఆశ్చర్యార్థకం పేరు పక్కనే ఉండి ఇది మాక్రో అని చెప్తాయి. పెద్దబడి కేక అక్కర్లేదు. ఎలిక్సిర్‌లో ‘అసర్ట్’ ఒక్కటే దాదాపు అన్ని పోలికలకూ చాలు, రెండు వైపుల విలువలనూ విడదీసి చూపుతుంది. ‘ఈక్యూ’, ‘ఎల్‌టీ’ తోకల పట్టిక లేకపోవడం ఎంత హాయో పట్టిక మోసినవాడికే తెలుస్తుంది.

హైజీన్ ఉన్నా ఊరి పేర్ల తగువు పోలేదు. రస్ట్‌లో ఎగుమతి చేసిన మాక్రో ఏ మాడ్యూల్‌లో రాసినా పోయి క్రేట్ (రస్ట్‌లో ప్యాకేజీ) తలవాకిట్లో కూర్చుంటుంది. 2018 ఎడిషన్ నుంచి దారి చెప్పి దిగుమతి చేసుకోవడం కుదిరింది గానీ ఈ అలవాటు పోలేదు. ‘అసర్ట్_మ్యాచెస్’ అనే మాక్రోను ప్రామాణిక లైబ్రరీలో చేర్చబోయినప్పుడు, అదే పేరుతో బయటి క్రేట్లు అప్పటికే వాడుకలో ఉన్నాయి. ‘అసర్ట్_ఈక్యూ’లా అందరికీ అడగకుండానే అందేచోట పెడితే తగువే. అందుకే దాన్ని అదే పేరున్న ఓ లోపలి మాడ్యూల్‌లో, పిలిస్తేనే వచ్చేచోట పెట్టారు.

ఇంకోవైపు మాక్రోల అవసరమే తగ్గుతోంది. 2017లో గో 1.9 తెచ్చిన ‘హెల్పర్’ పిలుపు, సహాయక ఫంక్షన్ లోపలి లైను కాకుండా పిలిచినవాడి లైను చూపిస్తుంది. 2020లో రస్ట్ 1.46 తెచ్చిన ‘ట్రాక్_కాలర్’, సీ ప్లస్ ప్లస్ 20లోని ‘సోర్స్_లొకేషన్’ చేసేది అదే. పైటెస్ట్ ఏకంగా పైథాన్ భాషలోని మామూలు అసర్ట్ వాక్యాన్నే లోడ్ చేసేటప్పుడు తిరగరాస్తుంది, వాడేవాడికి కొత్త పేరే ఉండదు. లైను నంబరు కోసమే మాక్రో రాస్తున్నామంటే ఇప్పుడది బద్ధకం కింద లెక్క. మా టీముల్లో నేను పెట్టిన పద్ధతి కూడా ఇదే: సహాయకుడు ముందు ఫంక్షన్‌గా, వాడిన ఫైలులోనే, పొట్టి పేరుతో పుట్టాలి. రెండో ఫైలు అడిగితే కాపీ చేసుకోనివ్వాలి. మూడోది అడిగినప్పుడు ఉమ్మడి హెడర్‌లోకి, ఇంటిపేరుతో, ఏం చెరుపుతుందో ఎక్కడ ఆగుతుందో చెప్పే పేరుతో పోవాలి. రివ్యూలో ఎక్కువ వాదన మూడో మెట్టు దగ్గరే జరుగుతుంది, జరగాలి కూడా.

అన్నిటికన్నా పాత టెస్టు మాక్రో సంగతితో ఆపుతాను. సీ భాష ‘అసర్ట్’ 1989 నాటి ప్రమాణంలోనే ఉంది. ఇంటిపేరు లేదు, పెద్దబడి లేదు. పైగా ‘ఎన్‌డీబగ్’ అని ఎక్కడో ఒక మాట ప్రకటిస్తే ఉన్నట్టుండి ఏమీ చేయని శూన్యంగా మారిపోతుంది, లోపల రాసిన పని కూడా దాంతోపాటే పోతుంది. 2025 ఫిబ్రవరిలో సీ ప్లస్ ప్లస్ 26 ముసాయిదాలోకి కాంట్రాక్టులు వచ్చాయి. షరతు చెప్పడానికి భాషకే సొంతంగా ఒక కీవర్డు కావలసి వచ్చింది. అందరి నోటా సహజంగా వచ్చే మాట ‘అసర్ట్’. కానీ పాత ‘అసర్ట్’ మాక్రో ఉన్న హెడర్ చేర్చిన ప్రతి ఫైలులోనూ ప్రీప్రాసెసర్ ముందే వచ్చి ఆ మాటను మింగేస్తుంది, భాషదాకా రానివ్వదు. చివరికి కీవర్డు పేరు ‘కాంట్రాక్ట్_అసర్ట్’ అయింది. బుజ్జి ఊరంతా తిరిగేశాడు, ఇంటిపేరు పెట్టుకోవలసింది భాషే అయింది.